గుడియాత్తంలో వెనక్కి తిరిగిన విమానం

పందొమ్మిది వందల ముప్ఫైలలో, ఒక ఎండాకాలం, నేను మద్రాసులో ఒక ప్రైవేటు విమాన కంపెనీలో గ్రౌండ్ ఇంజనీరుగా పనిచేస్తుండగా, వెంటనే గుడియాత్తం వెళ్ళమని మేనేజరు దగ్గరి నుంచి ఉత్తర్వు వచ్చింది. మా విమానం ఒకటి అక్కడ కూలింది. ప్రయాణికుడు చనిపోయాడు. పైలట్ వేలూరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంజను ఎందుకు ఆగిందో చూసి, ప్రభుత్వ విమానయాన ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి నివేదిక సిద్ధం చేయడం నా పని.

గ్రౌండ్ ఇంజనీరు అంటే నేల మీద ఉండే ఇంజనీరు. విమానం ఎగరడానికి ముందు ఇంజను, రెక్కలు, తీగలు, పెట్రోలు అన్నీ పరీక్షించి, ఎగరవచ్చునని సంతకం చేసేవాడు. ఆ సంతకం లేకుండా ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. ఆ రోజుల్లో ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు మన దేశంలో కొద్దిమందే. మా కంపెనీలో నేనూ, మరొకతనూ ఉండేవాళ్ళం. ఆ రెండో అతను విమానంతోపాటు జిల్లాల్లో తిరిగేవాడు.

జిల్లాల్లో తిరగడమంటే ఊరూరా విమానం దింపి, జనాన్ని కాసేపు గాలిలో తిప్పి తీసుకురావడం. రెండు జతల రెక్కలున్న చిన్న విమానం అది. రెండే సీట్లు, పైకప్పు లేదు. ముందు సీట్లో ప్రయాణికుడు, వెనక సీట్లో పైలట్. ఇద్దరూ మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక రబ్బరు గొట్టం ఉండేది. ఆ విడత మొదట వేలూరు, తరువాత గుడియాత్తం. వేలూరులో ఉండగా రెండో ఇంజనీరు చలిజ్వరం వచ్చి అక్కడే ఉండిపోయాడు. మనిషిని పంపమని మద్రాసుకు తంతి ఇవ్వాల్సింది. యాత్ర చూసుకునే మేనేజరు అలా చేయకుండా, వేలూరులో బస్సుల మీద పనిచేసే ఒక మెకానిక్కును వెంట తీసుకుని గుడియాత్తం వెళ్ళాడు. పైలట్ వేణుగోపాల్ మొదట ఒప్పుకోలేదట. ఊరంతా టముకు వేయించేశామని చెప్పి మేనేజరు ఒప్పించాడు.

నేను కాట్పాడిలో రైలు దిగి ముందు వేలూరు ఆసుపత్రికి వెళ్ళాను. వేణుగోపాల్ కుడికాలికి తొడ దగ్గర్నుంచి పట్టీ వేసి, బరువు కట్టి ఎత్తి ఉంచారు. ముప్ఫై ఏళ్ళ లోపు మనిషి. మాట నెమ్మదిగా వస్తున్నా తెలివి స్పష్టంగా ఉంది. జరిగింది వరుసగా చెప్పాడు.

గుడియాత్తంలో విమానం దిగిన స్థలం కౌండిన్య నది ఒడ్డున ఒక బీడు. గాలి ఏటి వైపునుంచి వస్తోంది కాబట్టి ఏటి మీదుగా పైకి లేవాలి. ఏట్లో నీళ్ళు లేవు, అంతా ఇసుక. పొద్దున నాలుగైదు సార్లు తిప్పి తెచ్చాడు, ఇబ్బంది లేదు. తరువాత పెట్రోలు పోయించాడు. అలా పోసిన తరువాత మొదటి ప్రయాణికుడు దేవరాజులు నాయుడు. ఆ ప్రాంతంలో పేరున్న భూస్వాముల ఇంటి చిన్నవాడు. విమానం దిగిన బీడు కూడా వాళ్ళదే. నేల విడిచి కాస్త పైకి లేచేసరికి ఇంజను దగ్గినట్టు రెండుసార్లు అదిరి, శక్తి పూర్తిగా పోయింది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. పైకి లేస్తున్నప్పుడు ఇంజను ఆగితే వెనక్కి తిరగకూడదు. ముందు ఏది ఉంటే దాని మీదికే దించాలి. మలుపు తిరిగితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే రెక్కకు గాలి పట్టు తప్పుతుంది, ఒక పక్కకు ఒరిగి రాయిలా పడుతుంది. మొదటి పాఠాల్లోనే ప్రతి పైలట్‌కూ ఇది నేర్పుతారు. వేణుగోపాల్ మరొకరికి నేర్పే స్థాయివాడు. ముందున్నదేమో మెత్తటి ఇసుక, అంతకంటే మంచి చోటు ఉండదు.

"మరి ఎందుకు తిప్పావు?" అని అడిగాను.

"ఇసుకలో జనం ఉన్నారు. చాలామంది. ఆడవాళ్ళు, పిల్లలు. చెయ్యి ఊపాను. వాళ్ళు నేను పలకరిస్తున్నాననుకున్నారేమో, వాళ్ళూ ఊపారు" అన్నాడు.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగితే లేదన్నాడు.

గుడియాత్తం స్టేషనులో దిగి జట్కాలో ఊళ్ళోకి వెళ్ళేసరికి ఎండ మండిపోతోంది. విమానం బీడుకు ఎడమవైపు వేరుశనగ పీకేసిన చేలో పడి ఉంది. ముక్కు నేలలో దిగబడి, ముందు సీటు ఇంజనుకూ వెనక చట్రానికీ మధ్య నలిగిపోయింది. పోలీసులు తాడు కట్టి కాపలా ఉన్నారు. సబ్‌ఇన్‌స్పెక్టరు మంచి ఉత్సాహం ఉన్న మనిషి. ఏ ముక్కా కదపనివ్వలేదని గర్వంగా చెప్పాడు. అది నిజమే. అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

కూలిన విమానంలో నేను మొదట చూసేది ప్రొపెల్లరు. చెక్కతో చేసిన రెండు రెక్కల ప్రొపెల్లరు అది. ఇంజను బలంగా తిరుగుతూ నేలను తాకితే రెండు రెక్కలూ ముక్కలవుతాయి. ఇక్కడ కింద ఉన్న రెక్క ఒక్కటే విరిగింది, రెండోది చెక్కుచెదరలేదు. అంటే పడేటప్పటికి ఇంజనులో శక్తి లేదు. పైలట్ మాట అంతవరకు నిజం. పెట్రోలు కుళాయి తెరిచే ఉంది. మీటలన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. కార్బ్యురేటరు విప్పి, అడుగున ఉన్న చిన్న గిన్నెలోని పెట్రోలును గాజు పళ్ళెంలోకి వంచాను. పళ్ళెం అటూఇటూ వంచితే అడుగున పాదరసంలా బొట్లు బొట్లుగా దొర్లింది. నీళ్ళు.

నీళ్ళు ఎలా వచ్చాయో తెలుసుకోవడం కష్టం కాలేదు. విమానంలో పెట్రోలు పోసేటప్పుడు గరాటులో మెత్తగా పదును చేసిన మేకతోలు పరిచి వడకట్టాలి. ఆ తోలు పెట్రోలును పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. ఆ తోలు జబ్బుపడ్డ ఇంజనీరు సామాను పెట్టెలో వేలూరులోనే ఉండిపోయింది. ఇక్కడ గరాటులో లుంగీ గుడ్డ ముక్క ఒకటి ఇంకా అలాగే ఉంది. గుడ్డ చెత్తను ఆపుతుంది, నీటిని ఆపదు. బస్సులకు అలాగే పోస్తామని మెకానిక్కు చెప్పాడు. అతనికి మేకతోలు సంగతి ఎవరూ చెప్పలేదు. వాడిన డబ్బాల్లో ఒకటి లోపల తుప్పు పట్టి ఉంది. నేల మీద ఉన్నంతసేపు ఆ నీళ్ళు ట్యాంకు అడుగున ఒక మూల పడి ఉంటాయి. విమానం ముక్కెత్తి పైకి లేవగానే గొట్టంలోకి జారతాయి.

ఇంజను సంగతి అక్కడితో తేలిపోయింది. తేలనిది రెండోది. సబ్‌ఇన్‌స్పెక్టరును అడిగితే ఇసుకలో ఒక్క మనిషి కూడా లేడన్నాడు. ముందురోజే ఏట్లోకి ఎవరూ దిగకూడదని తప్పెట కొట్టించాననీ, అటూఇటూ కానిస్టేబుళ్ళను పెట్టాననీ అన్నాడు. పైలట్ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి జనాన్ని కల్పిస్తున్నాడని అతని అభిప్రాయం. యాత్ర చూసుకునే మా మేనేజరుదీ అదే మాట. వెనక్కి తిరగడం వల్లే ప్రాణం పోయిందని తేలితే, నీళ్ళ సంగతి చిన్నదైపోతుంది. నా నివేదిక క్లుప్తంగా ఉంటే మంచిదని అతను నాతో రెండుసార్లు అన్నాడు.

ఏట్లో నడిచి చూశాను. నూలు జాడించుకునే చెలమలు అక్కడక్కడ తవ్వి ఉన్నాయి. ఇసుకనిండా అడుగుల గుర్తులే. కాని ఏటి ఇసుకలో అడుగుల గుర్తులు ఏ రోజైనా ఉంటాయి. వాటితో ఏదీ రుజువు కాదు.

అవతలి ఒడ్డున నేతవాళ్ళ వీధి ఉంది. అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. వీధి పొడవునా పడుగు దారాలు చాచి గంజి పెడుతున్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు. నాది పలమనేరు పక్క అని చెప్పుకున్నాక కాస్త మంచినీళ్ళు ఇచ్చారు. విమానం పడిన రోజు ఏట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగితే మాత్రం ఒకటే సమాధానం.

"మేము యాడికీ పోలేదు నాయనా. మగ్గాల కాడే ఉంటిమి" అన్నాడు ఒక పెద్దాయన.

పక్కనున్నతను "తెరియాదు సార్" అని, తెలియదని తమిళంలో అనేసి దారాలు సవరించుకోసాగాడు.

వాళ్ళ భయం నాకు అర్థమైంది. ఉన్నామంటే పోలీసు ఉత్తర్వు మీరినట్టు. అంతకంటే పెద్ద భయం నాయుడుగారి ఇల్లు. దేవరాజులు నాయుడి అన్న చెంగల్రాయ నాయుడు అప్పటికే పైలట్‌ను జైల్లో పెట్టించాలని పట్టుదలగా ఉన్నాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. మమ్మల్ని తప్పించబోయి మీ తమ్ముణ్ణి చంపాడని ఆయన ముఖం మీద ఎవరు చెబుతారు?

బయలుదేరబోతుంటే, నూలు ఆరబెడుతున్న ఒక నడివయసు ఆమె, "ఆ పిల్లోడికి ఇప్పుడు ఏమవుతాది?" అని అడిగింది. పేరు కుప్పమ్మ. చేతులు మోచేతుల దాకా రంగు పట్టి నీలంగా ఉన్నాయి.

లైసెన్సు పోతుందనీ, తన తప్పువల్ల ఒక మనిషి చనిపోయాడని రాస్తారనీ, అభియోగం పెట్టినా పెట్టవచ్చనీ చెప్పాను. ఆమె నూలు దులిపి మళ్ళీ ఆరబెట్టసాగింది. నేను బతిమాలలేదు. సాక్ష్యం కూడగట్టడం నా పని కాదు. అలా చేస్తే ఆ సాక్ష్యానికి విలువ ఉండదు కూడా.

మర్నాడు ట్రావెలర్స్ బంగళాలో విచారణ జరిగింది. ఇన్‌స్పెక్టరు ఆంగ్లేయుడు, యుద్ధకాలంలో విమానాలు నడిపినవాడు, మితభాషి. ఆయనకు తెలుగు, తమిళం రావు. తాలూకా కచేరీ నుంచి రావలసిన దుబాసీ రాకపోవడంతో నన్నే తర్జుమా చేయమన్నాడు. కంపెనీ మనిషిని కాబట్టి అనుమానం ఉంటే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెంగల్రాయ నాయుడు గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, గడ్డం పెరిగి ఉంది, ఎవరినీ చూడటం లేదు.

నేను ఇంజను గురించి చెప్పవలసిందంతా చెప్పి, నీళ్ళున్న సీసా, గుడ్డ ముక్క బల్ల మీద పెట్టాను. లైసెన్సున్న ఇంజనీరు లేకుండా ఎగరనిచ్చారని కూడా చెప్పాను. మా మేనేజరు నా వైపు చూడటం మానేశాడు. తరువాత సబ్‌ఇన్‌స్పెక్టరు, ఏరు ఖాళీగా ఉందని ప్రమాణం చేసి చెప్పాడు. వేలూరులో తీసుకున్న పైలట్ వాంగ్మూలం చదివారు. జనం ఉన్నారన్న మాట దగ్గర ఇన్‌స్పెక్టరు పెన్సిలు ఆపి, దీనికి ఇంకెవరైనా సాక్షులు ఉన్నారా అని అడిగాడు. నేను తెలుగులో, తమిళంలో గట్టిగా అడిగాను. వరండాలో నిలబడ్డవాళ్ళు నేల చూపులు చూశారు.

ఆయన కాగితం తిప్పబోతుండగా గేటు దగ్గర గొడవ వినిపించింది. కానిస్టేబులు ఎవరినో అడ్డుకుంటున్నాడు. "నన్ను తాకొద్దప్పా, నేను దొరతో మాట్లాడాల" అంటోంది ఒక ఆడగొంతు. ఇన్‌స్పెక్టరు రానివ్వమన్నాడు. కుప్పమ్మ లోపలికి వచ్చి గుమ్మం పక్కనే నిలబడింది.

"మేము ఇసకలో ఉంటిమి" అంది. "నేను, మా కోడలు, మా వీదోళ్ళు, చానామంది. నూలు జాడించే పని ఒకటి, దాన్ని చూడాలని ఇంకోటి. మా కోడలికి నెలలు నిండినాయి. ఉరికేదానికి గూడా కాదు. అది మా మిందికే వస్తా ఉన్నింది. సద్దు లేదు. పొద్దున్నించీ సద్దు ఉన్నింది, అప్పుడు లేదు."

ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. సబ్‌ఇన్‌స్పెక్టరు లేచి, ఈమె అబద్ధం చెబుతోందనీ, కానిస్టేబుళ్ళు అక్కడే ఉన్నారనీ అన్నాడు.

"ఉన్నారు సామీ. వాళ్ళూ గట్టెక్కి విమానమే చూస్తా ఉన్నారు. మమ్మల్ని పొమ్మన్నోడు ఎవురూ లేడు" అంది ఆమె.

పైలట్ తమను చూశాడా, చూస్తే అది ఆమెకు ఎలా తెలుసని ఇన్‌స్పెక్టరు అడిగాడు. అతని మనసులో ఏముందో చెప్పవద్దనీ, కంటితో చూసింది మాత్రమే చెప్పమనీ అన్నాడు.

"చెయ్యి బయట పెట్టి ఇట్టా ఇట్టా ఊపినాడు. మేమూ ఊపితిమి, ఆటకంట అనుకొని. మళ్ళీ ఊపినాడు. అప్పుడు మొగం కనబడింది. మొగం చూసినాక తెలిసిపాయ. మా కోడల్ని పట్టుకొని ఇసకలో పడిపోతి. తలెత్తి చూసేతలికి ఆ పక్కకు తిప్పినాడు. తిప్పినాక పడిపాయ."

అప్పుడు చెంగల్రాయ నాయుడు మొదటిసారి తలెత్తాడు. ఇన్‌స్పెక్టరు అనుమతి అడగకుండానే, "ఏమ్మా, తిప్పకుండా వచ్చింటే మీలో ఎందురు ఉంటారు ఈ పొద్దు?" అన్నాడు.

కుప్పమ్మ ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. "తెలీదు నాయనా. మేమైతే ఉండము. నేను, నా కోడలు ఉండము. ఆయప్ప పోయినాడని నాకు రెండు పొద్దులు కూడు దిగలేదు. అయినా ఉండేది చెప్పాల గదా."

నేను ఈ రెండు మాటలూ తర్జుమా చేశాను. ఇన్‌స్పెక్టరు రాసుకుని, ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగాడు. ఈసారి వరండాలోంచి నాకు మంచినీళ్ళిచ్చిన వీధి పెద్దాయన ముందుకు వచ్చాడు. మగ్గం దగ్గరే ఉన్నానని నాతో చెప్పినవాడు. అతని వెనక మరికొందరు వచ్చారు. సబ్‌ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. చెంగల్రాయ నాయుడు కండువా భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటకు వెళ్ళిపోయాడు. ఆయన ఏం చేస్తాడోనని ఆ పూట వీధిలో మగ్గాలు ఆడలేదని తరువాత విన్నాను. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. సబ్‌ఇన్‌స్పెక్టరు కూడా ఎవరి మీదా ఉత్తర్వు మీరిన కేసు పెట్టలేదు. పెడితే తన కానిస్టేబుళ్ళ సంగతి కూడా కాగితం మీదికి వచ్చేది.

ఆ వారంలోనే పైలట్ వాంగ్మూలం ప్రతి మీద సంతకం తీసుకోవడానికి నేను వేలూరు వెళ్ళాను. ఆసుపత్రి వార్డులో అతని మంచం పక్కన కూర్చుని ఉండగా చెంగల్రాయ నాయుడు వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. వేణుగోపాల్ లేవబోయి లేవలేకపోయాడు. ఆయన కూర్చోలేదు. మంచం కాళ్ళ వైపు నిలబడి కాసేపు ఆ ఎత్తి కట్టిన కాలినే చూశాడు.

"మా తమ్ముడు ఆకరికి ఏమన్నా అన్నాడా అప్పా?" అని అడిగాడు.

వేణుగోపాల్, "నాకంటే ముందు జనాన్ని ఆయనే చూశారండి. ముందు సీటు కదా. గొట్టంలో అరిచారు. 'మనోళ్ళుండారు, మనోళ్ళుండారు' అన్నారు. చేత్తో పక్కకు చూపించారు" అన్నాడు.

నాయుడు మంచం కమ్మీ పట్టుకున్నాడు. వాడు అట్టాంటోడే అని మెల్లగా తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. కాలు బాగుపడేదాకా వేలూరులో ఏం కావలసినా తన మనిషికి చెప్పమని, వాడు బజారులో ఫలానా చోట ఉంటాడని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నేను వేణుగోపాల్‌ను అడిగాను, ఈ మాట నాతో గాని, వాంగ్మూలంలో గాని ఎందుకు చెప్పలేదని. "తిప్పమన్నది ఆయనే అన్నట్టు వినిపిస్తుంది. తిప్పింది నేను. చనిపోయినవాడి మాట నాకు అడ్డం పెట్టుకోలేను" అన్నాడు. ఇప్పుడైనా చేర్చమంటావా అంటే వద్దన్నాడు. నేను చేర్చలేదు. అది నిజమా, దుఃఖంలో ఉన్న అన్నకు చెప్పిన ఓదార్పా అన్నది నిర్ధారించే దారి నాకు లేదు. నాకైతే నిజమేననిపించింది. అనిపించడం వేరు, నివేదిక వేరు.

ఇన్‌స్పెక్టరు నివేదికలో ప్రమాదానికి కారణం పెట్రోలులో నీళ్ళు అని, లైసెన్సు లేని మనిషి చేత పని చేయించడం అని రాశారు. తగినంత ఎత్తు లేకుండా మలుపు తిప్పడం నియమానికి విరుద్ధమని కూడా రాశారు. ఆ వాక్యం తీసేయలేదు, తీసేయకూడదు కూడా. దాని కిందే, ఎదురుగా ఉన్న దిగే చోటు మనుషులతో నిండి ఉన్నట్టు సాక్ష్యం వల్ల తేలిందని మరో వాక్యం చేర్చారు. వేణుగోపాల్ మీద అభియోగం పెట్టలేదు, లైసెన్సు రద్దు చేయలేదు. అయితే అతని కాలు పొట్టిదైపోయి మళ్ళీ విమానం నడపలేదు. కొన్నాళ్ళకు కొత్తవాళ్ళకు నేల మీదే పాఠాలు చెప్పే ఉద్యోగంలో కుదిరాడు. మా కంపెనీ జిల్లాల్లో తిరగడానికి ఉన్న అనుమతి పోయింది. నా ఉద్యోగమూ పోయింది. లైసెన్సు చేతిలో ఉన్నవాడికి ఆ రోజుల్లో మరో పని దొరకడం కష్టం కాలేదు.

ఆ తరువాత చాలా ఏళ్ళు, మరికొన్ని ప్రమాదాలకు వెళ్ళవలసి వచ్చింది. అంతకుముందు నేను నేరుగా శకలాల దగ్గరికి వెళ్ళి ఇంజను విప్పేవాణ్ణి. ఇంజను ఎందుకు ఆగిందో ఇంజనే చెబుతుంది. పైలట్ ఎందుకు అలా చేశాడో అది చెప్పదు. అందుకని ఆ తరువాత ఏ ప్రమాదానికి వెళ్ళినా, ముందుగా పైలట్ ఎదురుగా ఏ నేల కనిపించిందో ఆ నేల మీద నడిచి, అక్కడ ఆ రోజు ఎవరున్నారో అడిగిన తరువాతే పనిముట్ల పెట్టె తెరిచాను.